ఎరువు తెచ్చుకున్న తొమ్మిదో నంబర్

సీజన్ మధ్యలో ఒక క్లబ్బు ఇంకో క్లబ్బు దగ్గర్నుంచి పొడుగాటి స్ట్రైకర్‌ను, అంటే ఆటవాళ్ల భాషలో తొమ్మిదో నంబర్‌ను, లోన్ మీద తెచ్చుకుంటుంది. మూడు మ్యాచ్‌లు కాకముందే అభిమానులు తీర్పు చెప్పేస్తారు. ఆ తీర్పుల మీద లక్డీకాపూల్‌లోని ఒక చిన్న గదిలో మొదలైన వాదన హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్ర దాకా వెళ్లింది.

2023 ఫిబ్రవరి 16, గురువారం. రాత్రి పదకొండుంబావు. లక్డీకాపూల్ మెట్రో స్టేషన్ వెనక సందులో మూడో అంతస్తు మీద బ్యాచిలర్ రూం. ముగ్గురు ఉండాల్సిన గదిలో తొమ్మిది మందిమి చేరాం. నాకు నలభై ఏడేళ్లు, మిగతా వాళ్లంతా పాతిక లోపే. ఒకడు అమీర్‌పేటలో జావా కోచింగ్ తీసుకుంటున్నాడు. ఇంకొకడు దగ్గర్లోని ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. ఇద్దరు పంజాగుట్టలో బట్టల షోరూంలో పనిచేస్తారు. మా అక్క కొడుకు ఆ గదిలో ఉంటాడు కాబట్టి నాకూ చాప మీద చోటు దొరికింది. వాడు నన్ను మామా అంటాడు. వాడి స్నేహితులూ అదే వరసలో పిలుస్తారు.

టీవీలో బార్సిలోనా, మాంచెస్టర్ యునైటెడ్. యూరోపా లీగ్ మ్యాచ్. గదిలో ఆరుగురు యునైటెడ్ వాళ్లే. వాళ్ల కళ్లన్నీ ఒక్కడి మీదే ఉన్నాయి: వౌట్ వెగోర్స్ట్. నెదర్లాండ్స్ మనిషి, ఆరడుగుల ఆరంగుళాలు. నెల కిందటే బర్న్‌లీ నుంచి లోన్ మీద వచ్చాడు. అప్పటికి ఆయన కొట్టింది ఒక్కటే గోల్, అదీ లీగ్ కప్‌లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ మీద. మొదటి సగంలో దొరికిన మంచి అవకాశాన్ని బార్సిలోనా గోల్‌కీపర్ టెర్ స్టెగన్ ఆపేశాడు. గదిలో ఒక్కసారి అందరూ తల పట్టుకున్నారు.

"మామా, గింత పొడుగున్నడు. ఒక్కటన్న కొట్టరాదా?" అన్నాడు ల్యాబ్ అబ్బాయి.

"కిరాయికి తెచ్చుకున్నోడు గట్లనే ఉంటడు రా. ఆర్నెల్లయితె వోతడు. వానికేం నొప్పి?" అన్నాడు మా వాడు.

సగం మ్యాచ్ 0-0తో ముగిసింది. ఒకడు కిందికెళ్లి ఫ్లాస్కులో చాయ్ తెచ్చాడు. నేను ఫోన్ తీసి చూశాను. కోల్‌కతాలో ఆ రోజే మన పాత ఫుట్‌బాలర్ తులసీదాస్ బలరాం చనిపోయారన్న వార్త కనిపించింది. ఎనభై ఆరేళ్లు. చదివి వినిపించాను. గదిలో ఎవరూ ఏమీ అనలేదు. కాసేపటికి జావా కుర్రాడు అడిగాడు: "ఆయన ఏ పొజిషన్ ఆడేటోడు మామా?"

మనసు చివుక్కుమంది. తప్పు ఆ కుర్రాడిది కాదు. అడిగినందుకు వాడి మీద ఇష్టమే కలిగింది. వాడికి చెప్పేవాళ్లు ఎవరూ లేకపోయారు, అంతే. ఆ రాత్రి నేను చెప్పగలిగింది నాలుగు మాటలే, ఎందుకంటే రెండో సగం మొదలైపోయింది. అప్పుడు చెప్పలేకపోయినదే ఈ కథనం.

ముందు వెగోర్స్ట్ సంగతి తేలుద్దాం. మాంచెస్టర్ యునైటెడ్‌కు ఆయన అవసరం ఎందుకొచ్చిందంటే, 2022 నవంబర్‌లో క్రిస్టియానో రొనాల్డో వెళ్లిపోయాడు. మిగిలిన సెంటర్ ఫార్వర్డ్ మార్షియల్‌ను గాయాలు వదల్లేదు. వందల కోట్లు పోసి కొత్తవాణ్ని కొనడానికి జనవరిలో ఆ క్లబ్బు సిద్ధంగా లేదు. వెగోర్స్ట్ అప్పటికే బర్న్‌లీ నుంచి టర్కీ క్లబ్బు బెషిక్తాష్‌లో లోన్ మీద ఆడుతున్నాడు. ఆ ఒప్పందం రద్దు చేయించి తీసుకొచ్చారు. అంతకు నెల ముందే, 2022 డిసెంబర్ 9న ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్లో అర్జెంటీనా మీద చివర్లో దిగి రెండు గోల్స్ కొట్టి మ్యాచ్‌ను అదనపు సమయానికి లాక్కెళ్లాడు. ఆ రాత్రి ఇదే గదిలో ఈ కుర్రాళ్లే ఆయన పేరు అరిచారట. మనిషి మారలేదు, రెండు నెలల్లో మాట మారింది.

లోన్ అంటే అద్దె లాంటిదే. ఆటగాడి ఒప్పందం పాత క్లబ్బుతోనే ఉంటుంది. తీసుకున్న క్లబ్బు జీతంలో కొంతో మొత్తమో భరిస్తుంది, కొన్నిసార్లు లోన్ ఫీజు కూడా ఇస్తుంది. గడువు తీరాక మనిషిని తిరిగి పంపాలి, లేదా ముందే రాసుకున్న ధరకు కొనుక్కోవాలి. పెద్ద క్లబ్బులు డజన్ల కొద్దీ కుర్రాళ్లను కొని అద్దెకు తిప్పుతున్నాయని ఫిఫా 2022 జులై నుంచి దీనికి కట్టడి పెట్టింది. ఒక లోన్ ఏడాదికి మించకూడదు. లోన్ మీద వచ్చినవాణ్ని మళ్లీ ఇంకొకరికి లోన్ ఇవ్వకూడదు. అంతర్జాతీయ లోన్ల సంఖ్యకూ పరిమితి ఉంది.

అసలు ప్రశ్న ఇది కాదు. టార్గెట్ మ్యాన్‌ను దేనితో కొలవాలి?

వెనక నుంచి గోల్‌కీపరో డిఫెండరో పొడుగ్గా కొట్టిన బంతికి గురి ఆయనే. అందుకే ఆ పేరు. గోల్‌కు వీపు పెట్టి నిలబడతాడు. ఆ వీపు మీద ఎదుటి టీమ్ సెంటర్ బ్యాక్ ఆనుకుని ఉంటాడు, మోకాలితో పొడుస్తాడు, చొక్కా లాగుతాడు. బంతి గాల్లో ఉండగానే ఆయన మోచేతులు వెడల్పు చేసి తన చుట్టూ గజం నేల దక్కించుకోవాలి. ఛాతీతోనో తలతోనో బంతిని దించి, పక్కనుంచి పరుగెత్తుకొచ్చేవాడి కాలికి అందించాలి. ఇదంతా రెండు సెకన్ల పని. తర్వాత గోల్ పడితే టీవీ వాళ్లు చూపించేది కొట్టినవాడి మొహాన్ని. పొడుగాయన అప్పటికింకా గడ్డి మీంచి లేస్తుంటాడు.

ఈ సంగతి నేను పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు. 1991 వేసవిలో మా బస్తీ టీమ్‌కు నేను రైట్ వింగ్ ఆడేవాణ్ని. ఆ టోర్నమెంట్‌లో ఇద్దరు బయటి ప్లేయర్లను ఆడించుకోవచ్చు. మావాళ్లు బొల్లారం నుంచి ఒక పొడుగాటి కుర్రాణ్ని పట్టుకొచ్చారు. వారం రోజులకు ఎరువు. బస్సు చార్జీ, రోజూ ఒక చాయ్, రెండు సమోసాలు. చీకటి పడకముందే పంపాలని వాళ్లమ్మ షరతు. నాలుగు మ్యాచ్‌లు ఆడాడు, ఒక్క గోల్ కొట్టలేదు. మా కెప్టెన్ మొహం మీదే అనేశాడు, సమోసాలు దండగ అని. ఆ నాలుగు మ్యాచ్‌ల్లో నేను నాలుగు గోల్స్ కొట్టాను. బస్తీలో నన్ను భుజాల మీద ఎత్తుకున్నారు.

తర్వాతి టోర్నమెంట్‌కు వాణ్ని పిలవలేదు. అదే మైదానం, అవే బూట్లు. నాకు ఒక్క గోలూ రాలేదు. అప్పుడు గుర్తు చేసుకున్నాను. నా నాలుగు గోల్స్‌లో మూడు వాడి ఛాతీ మీంచి జారి వచ్చినవే. వాడి చొక్కా వీపు భాగం చెమటతో నల్లబడి ఉండటం, దాని మీద ఎదుటి డిఫెండర్ అరచేతి మట్టి ముద్ర, బంతి నా కుడికాలి ముందు సరిగ్గా రెండడుగుల దూరంలో వచ్చి పడటం ఇప్పటికీ కళ్లకు కడుతుంది. మేం వాడికి థ్యాంక్స్ కూడా చెప్పలేదు. అందుకే లోన్ మీద వచ్చిన పొడుగాయన్ని ఎవరైనా తిడుతుంటే నాకు నోరు ఊరుకోదు.

వెగోర్స్ట్ లెక్క చివరికి ఇలా తేలింది. 31 మ్యాచ్‌లు, రెండు గోల్స్. ప్రీమియర్ లీగ్‌లో ఒక్కటీ లేదు. ఫార్వర్డ్‌కు ఇది తక్కువే, నేను కాదనను. ఇదే లెక్కకు రెండో పక్క కూడా ఉంది. కోచ్ టెన్ హాగ్ ఆయన్ని చాలాసార్లు కాస్త వెనక్కి దింపి, ఎదుటి మిడ్‌ఫీల్డ్‌ను ఊపిరాడనీయకుండా పరుగెత్తే పని అప్పగించాడు. మేం చూసిన రాత్రి బార్సిలోనాతో 2-2. వారం తర్వాత సొంత మైదానంలో యునైటెడ్ 2-1తో గెలిచి ముందుకెళ్లింది. ఫిబ్రవరి 26న వెంబ్లీలో న్యూకాసిల్‌ను 2-0తో ఓడించి లీగ్ కప్ అందుకుంది. 2017 తర్వాత ఆ క్లబ్బుకు అదే మొదటి కప్పు. రెండో గోల్‌కు ముందు బంతిని తోటి ఫార్వర్డ్ రాష్‌ఫర్డ్‌కు అందించింది వెగోర్స్టే. మా గదిలో ఆ రాత్రి అందరూ రాష్‌ఫర్డ్ పేరే అరిచారు. అప్పటికి నా బొల్లారం కుర్రాడి కథ విన్న జావా కుర్రాడు మాత్రం నా వైపు తిరిగి "సమోసా ఆయనకే మామా" అన్నాడు.

నా తీర్పు సూటిగా చెప్తాను. ఎరువు తెచ్చిన పనికి ఆయన న్యాయం చేశాడు. అంత పెద్ద క్లబ్బు ఒక్క సెంటర్ ఫార్వర్డ్ కోసం జనవరిలో ఊళ్లు తిరగాల్సి రావడం క్లబ్బు తప్పు. ఆ తప్పుకు తిట్లు తిన్నది మాత్రం వచ్చినవాడు.

గచ్చిబౌలిలో మన తొమ్మిదులు

ఆ కుర్రాళ్లు ఇంగ్లండ్ క్లబ్బును ప్రేమించినంతగా మన క్లబ్బునూ ప్రేమించారు. లక్డీకాపూల్‌లో రెడ్ లైన్ మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో బ్లూ లైన్‌కు మారి, రాయదుర్గంలో దిగి, అక్కణ్నుంచి షేర్ ఆటోలో గచ్చిబౌలి బాలయోగి స్టేడియానికి వెళ్లేవాళ్లు. మెడలో పసుపు, నలుపు మఫ్లర్. గ్యాలరీలో అభిమానుల బృందం డెక్కన్ లీజియన్ వాళ్ల డప్పుల పక్కన చోటు దొరికితే పండగే.

హైదరాబాద్ ఎఫ్‌సీ 2019 ఆగస్టులో పుట్టింది. పుణె సిటీ క్లబ్బు మూతపడితే ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆ చోటు మన ఊరికి వచ్చింది. మొదటి మ్యాచ్ కోల్‌కతాలో ఏటీకే చేతిలో 5-0తో ఓటమి. నవంబర్ 2న గచ్చిబౌలిలో మొదటి ఇంటి మ్యాచ్, కేరళ బ్లాస్టర్స్ మీద 2-1తో గెలుపు. చివర్లో మార్సెలీనో ఫ్రీకిక్ గోల్ పడ్డప్పుడు గ్యాలరీలో నా పక్కనున్న ముక్కూమొహం తెలియని పెద్దాయన నన్ను కౌగిలించుకున్నాడు. ఆ సీజన్ మొత్తం మీద రెండే గెలుపులు, పట్టికలో అట్టడుగు. మన మొదటి టార్గెట్ మ్యాన్‌ను చూసింది అప్పుడే. బ్రెజిల్ ఆజానుబాహువు బోబో. వెగోర్స్ట్ ఆడి వచ్చిన బెషిక్తాష్‌లోనే అంతకు పదేళ్ల ముందు పేరు తెచ్చుకున్నవాడు. సిడ్నీ ఎఫ్‌సీకి ఒకే సీజన్లో 27 గోల్స్ కొట్టినవాడు. మాకు దొరికేసరికి వయసు మీద పడింది. అయినా బంతిని వీపుతో దాచిపెట్టే విద్య ఆయన దగ్గర చూడాల్సిందే.

తర్వాత స్పెయిన్ నుంచి అరిదానె సంతానా వచ్చాడు. 2020-21లో పది గోల్స్. అదంతా కరోనా కాలం. మ్యాచ్‌లన్నీ గోవాలో, తలుపులు మూసి. ఆయన ఆటను గచ్చిబౌలి గ్యాలరీ ఒక్కసారీ చూడలేదు. ఇంటి టీమ్ ఫార్వర్డ్‌ను ఆ ఊరివాళ్లు టీవీలో తప్ప చూడకపోవడం ఎంత వెలితో అభిమానికే తెలుస్తుంది.

ఇక బార్తొలోమ్యూ ఒగ్బెచే. నైజీరియా తరఫున 2002 ప్రపంచకప్ ఆడినవాడు. పారిస్ సెయింట్ జెర్మెయిన్‌లో ఓనమాలు దిద్దినవాడు. పొడుగరి కాడు, కానీ వీపు మీద ఎవరున్నా కదలని మనిషి. 2021-22లో 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ అందుకున్నాడు. ఆయన పక్కన స్పెయిన్ కుర్రాడు హవియెర్ సివెరియో. గాల్లో బంతికి లేచే తీరు చూస్తే వీణ్ని ఎవరో పైనుంచి లాగుతున్నారా అనిపించేది. సెమీఫైనల్ మొదటి అంచెలో ఏటీకే మోహన్ బగాన్ మీద 3-1 గెలుపు. ఒగ్బెచే, యాసిర్, సివెరియో తలా ఒకటి. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో ఫైనల్, ఎదురుగా కేరళ బ్లాస్టర్స్. రాహుల్ గోల్‌తో వాళ్లు ముందున్నారు. 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు. పెనాల్టీ షూటౌట్లో మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1. మనం చాంపియన్లం! మా వీధిలో ఆ రాత్రి క్రికెట్ గెలిచినప్పుడు పేలినట్టే టపాకాయలు పేలాయి.

ఆ సంతోషం నిలవలేదు. 2022-23లో రెండో స్థానం. మరుసటి ఏడాది డబ్బు కష్టాలు. జీతాలు అందక విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. పేరున్న మనవాళ్లూ జనవరిలో మూటాముల్లె సర్దుకున్నారు. మిగిలిన కుర్రాళ్లతో 22 మ్యాచ్‌లకు ఒకే గెలుపు, ఎనిమిది పాయింట్లు. ఎదుటివాళ్ల సెంటర్ బ్యాక్‌ల మధ్య ఇరుక్కుపోయిన ఆ పిల్లలను చూస్తే కడుపు తరుక్కుపోయేది. అప్పుడు ఎవరైనా ఒక పొడుగాయన్ని లోన్ మీద తెచ్చి ఉంటే బాగుండునని గ్యాలరీలో అందరం అనుకున్నాం. తేవడానికి క్లబ్బు దగ్గర ఏమీ లేదు.

ఆ జనవరిలోనే, 2024లో, సివెరియోను లోన్ మీద పంపారు. పంపింది మనవాళ్లు కాదు. ఆయన అంతకుముందే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. అక్కడ ఆశించినన్ని గోల్స్ రాలేదని విసుక్కున్నారు, జంషెడ్‌పూర్‌కు అద్దెకిచ్చారు. ఆ వార్త మా గదిలో చదివినప్పుడు మా వాడు చాలాసేపు మాట్లాడలేదు. "వాన్ని గట్ల చూడొద్దు మామా. వానికి పక్కన ఒగ్బెచే అసొంటోడు ఉండాలె" అన్నాడు. ఏడాది కింద కిరాయోడికేం నొప్పి అన్నది వీడే. మనవాడు అద్దెకు పోయాక గానీ అద్దెవాడి నొప్పి తెలియలేదు. జంషెడ్‌పూర్‌లో సివెరియో కుదురుకున్నాడు, తర్వాతి సీజన్ కూడా అక్కడే ఉన్నాడు. 2025 ఏప్రిల్ 3న సెమీఫైనల్ మొదటి అంచెలో మోహన్ బగాన్ మీద జంషెడ్‌పూర్ 2-1తో గెలిచినప్పుడు మొదటి గోల్ ఆయనదే. ఈస్ట్ బెంగాల్ అభిమానులు ఆయన్ని తొందరపడి కొలిచారని నా నమ్మకం.

2025 అక్టోబర్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి వెళ్లిపోయింది. కొత్త యాజమాన్యం పేరు కూడా మార్చింది. ఇప్పుడది స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. పుణె నుంచి వచ్చింది, ఆరేళ్లుంది, వెళ్లింది. "మన క్లబ్బే కిరాయికొచ్చింది మామా" అన్నాడు మా వాడు ఫోన్లో. వాడి గొంతు వణికింది. పసుపు మఫ్లర్ ఇంకా ఆ గది తలుపు వెనక మేకుకు వేలాడుతోంది.

అద్దె సైకిల్ మీద వచ్చిన కుర్రాడు

లక్డీకాపూల్‌లో పోలీసు పెద్దాఫీసు గేటు ముందు నుంచి రోజూ వేలమంది వెళ్తారు. ఒకప్పుడు దేశంలో అన్నిటికన్నా గట్టి ఫుట్‌బాల్ జట్లలో ఒకటి హైదరాబాద్ సిటీ పోలీస్ అని వాళ్లలో ఎంతమందికి తెలుసు? 1950 నుంచి 54 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు వాళ్లదే. ఢిల్లీలో డ్యూరాండ్ కప్పు కూడా గెలిచారు. ఆ జట్టును తీర్చిదిద్దింది సయ్యద్ అబ్దుల్ రహీమ్, ఉస్మానియాలో చదివిన బడిపంతులు. తర్వాత ఆయనే దేశం జట్టుకూ కోచ్. 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన శిక్షణలోనివే. 'మైదాన్' సినిమా 2024లో వచ్చాక మా కుర్రాళ్లకు ఆయన పేరు తెలిసింది. అదొక మేలు.

బలరాం 1936లో సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టారు. పేదిల్లు. కుర్రాడిలో సత్తా ఉందని రహీమ్ కనిపెట్టి ప్రాక్టీస్‌కు రమ్మన్నారు. అంత దూరం రోజూ రావడమెలా? సైకిల్ అద్దెకు తన జేబులోంచి డబ్బులిచ్చారని బలరామే చెప్పుకునేవారు. ఆ అద్దె సైకిల్ మీద వచ్చిన కుర్రాడు ఇరవై ఏళ్లకే మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు. 1960 రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టారు. ఆయన ఫార్వర్డ్. జావా కుర్రాడి ప్రశ్నకు నా జవాబు అదే: ముందు వరసలో ఎక్కడైనా ఆడేవారు, ఎక్కడ ఆడినా పక్కవాడికి దారి చేసేవారు. 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. ఇక బెంగాల్‌లోనే ఉండిపోయారు.

ఆయన ఒక్కరే కాదు. మహమ్మద్ హబీబ్, తమ్ముడు అక్బర్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్, అందరూ మనవాళ్లే. అందరినీ కలకత్తా రమ్మంది, వెళ్లారు. 1977 సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ మీద మోహన్ బగాన్ 2-2తో నిలిస్తే, అందులో ఒక గోల్ హబీబ్‌ది. ఒకప్పుడు ఫార్వర్డ్ కావలసిన క్లబ్బులు హైదరాబాద్ తలుపు తట్టేవి.

ఎరువు తెచ్చుకున్న టార్గెట్ మ్యాన్ కథల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది కూడా రహీమ్‌దే. 1962 జకార్తా ఆసియా క్రీడలు. మన సెంటర్ బ్యాక్ జర్నైల్ సింగ్‌కు థాయ్‌లాండ్‌తో ఆటలో తల పగిలింది, కుట్లు పడ్డాయి. అలాంటి మనిషిని వెనక వరసలో ఆడించడం కష్టం. రహీమ్ ఆయన్ని సెమీఫైనల్లో సెంటర్ ఫార్వర్డ్‌గా దించారు. డిఫెన్స్ దగ్గర్నుంచి దాడికి ఎరువు తెచ్చుకోవడమే అది. బలమైన దేహం, తలకు కట్టు, భయం లేని గుండె. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద గోల్ కొట్టాడు. సెప్టెంబర్ 4న ఫైనల్లో దక్షిణ కొరియా మీద పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి. 2-1తో బంగారం. అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్న రహీమ్ మరుసటి ఏడాది జూన్‌లో కన్నుమూశారు. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఆసియా క్రీడల ఫుట్‌బాల్ బంగారం మళ్లీ మనకు రాలేదు.

ఎరువు సొమ్ము బరువు చేటు అంటారు పెద్దలు. పెళ్లికి అడిగి తెచ్చుకున్న నగల గురించి చెప్పిన మాట అది. ఫుట్‌బాల్‌కు నేను ఆ మాటను సగమే ఒప్పుకుంటాను. మన భాషలో ఎరువంటే ఇంకో అర్థం కూడా ఉంది, పొలానికి వేసేది. రహీమ్ దగ్గర పొలం ఉంది. బడుల్లో పిల్లలు, పోలీస్ లైన్లలో ఆట, సాయంత్రమైతే నిండే మైదానాలు. అందుకే ఆయన ఎక్కణ్నుంచి ఏం తెచ్చి వేసినా పండింది. మన చాంపియన్ క్లబ్బు ఎరువు బాగానే తెచ్చింది, ఒగ్బెచే కన్నా మంచిది ఈ దేశంలో ఎక్కడా దొరకదు. కానీ ఆ జట్టు ముందు వరసలో ఆడేందుకు మన బస్తీల పిల్లలు ఎంతమందికి దారి దొరికింది? డబ్బు ఆగిన రోజున నిలబెట్టడానికి కింద ఏమీ లేకపోయింది. నాకు బాధ క్లబ్బు ఢిల్లీ వెళ్లినందుకు కాదు, ఇక్కడ వేళ్లు దిగనందుకు.

వేళ్లు దిగవని కాదు. నిజామాబాద్ జిల్లా అమ్మాయి సౌమ్య గుగులోత్ ముందు వరసలో ఆడి 2024-25లో ఈస్ట్ బెంగాల్‌కు మహిళల జాతీయ లీగ్ గెలిపించింది. బలరాం వెళ్లిన దారినే కోల్‌కతా వెళ్లాల్సి వచ్చింది. ఆమె ఆడటానికి ఇక్కడ అంత పెద్ద క్లబ్బు లేదు.

కోచింగ్ అయిపోయి ఆ జావా కుర్రాడు ఇప్పుడు మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. తన మొదటి జీతంతో ఊళ్లో తమ్ముడికి బూట్లు, బంతి కొన్నాడట. "వాడు పొడుగైతుండు మామా, సెంటర్ ఫార్వర్డ్ ఆడిస్తున్నరు. గోల్ రాకుంటె తిడుతున్నరట" అని ఫోన్ చేశాడు. తిట్టేవాళ్లను లెక్క అడగమన్నాను, పక్కవాళ్లు ఎన్ని కొట్టారో.

మీ బస్తీలో కబ్జా కాకుండా, పెళ్లి టెంట్లు పడకుండా ఏదైనా మైదానం మిగిలి ఉంటే ఒకసారి అటు వెళ్లండి. పిల్లలు ఆడుతుంటే గీత దగ్గర పది నిమిషాలు నిలబడండి. అందరికన్నా పొడుగ్గా ఉండి, గోల్ కొట్టలేదని మాటలు పడుతున్న పిల్లవాడు ఒకడు కనిపిస్తాడు. వాణ్ని చూడండి. వాడు దించిన బంతి ఎవరి కాలికి చేరుతోందో చూడండి. ఆట అయ్యాక వాడికొక సమోసా ఇప్పించండి. బస్సు దూరమైతే చార్జీ కూడా ఇవ్వండి.